పెరటి కోళ్ళకు నీటి పాత్రలు - ఎంపిక, నిర్వహణ

గ్రామాలలో పొద్దున్నే గూటి తలుపు తీసి కోళ్ళకు గుప్పెడు నూకలు చల్లటం అనేక ఇళ్ళలో కనిపిస్తుంది. అదే సమయంలో వాటికోసం ఒక పాత్రను కడిగి మంచినీరు నింపే ఇళ్ళు మాత్రం తక్కువ. పెరటి కోడి తిరుగాడి తినే పక్షి కనుక నీటిని కూడా అదే వెదుక్కుంటుందన్నది సాధారణ అభిప్రాయం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కోడి నీటిని తప్పక వెదుక్కుంటుంది. అయితే దానికి దొరికేవి స్నానాల గది వెనుక మురుగు గుంట, చేతి పంపు చప్టా పక్కన నిలిచిన మడుగు, పశువుల మూత్రం కలిసిన పాక వాకిలి. పత్తి, మిరప పండించే ప్రాంతాలలో వీటికి మరొకటి చేరుతుంది. పురుగుమందు చల్లి వచ్చిన తరువాత స్ప్రేయరు కడిగిన చోట నిలిచిన నీటిని కూడా కోడి అదే దాహంతో తాగుతుంది.

ఏప్రిల్, మే నెలలలో గుడ్లు తగ్గటం, గంప కింది పిల్లలు ఒక్కొక్కటిగా వాలిపోవటం, జూన్‌లో తొలకరి పడగానే రక్త పారుడు రావటం పెంపకందారులకు కొత్త కాదు. వీటిని ఎండ ఖాతాలోనో వాన ఖాతాలోనో వేసి ఊరుకోవటం అలవాటు. పరిశీలించి చూస్తే ఈ నష్టాలలో చాలా భాగానికి మూలం నీటి పాత్ర వద్ద దొరుకుతుంది. పాత్ర లేకపోవటం, ఉన్నది ఎండలో ఉండటం, నిండుగా ఉన్నా పాచి పట్టి ఉండటం, పాత్ర చుట్టూ నేల చిత్తడిగా ఉండటం ఇందుకు కారణాలు. పెరటి కోళ్ళ పెంపకంలో అతి తక్కువ ఖర్చుతో సరిదిద్దుకోగల అంశం ఇదే.

కోడికి నీటి అవసరం

కోడి శరీరంలో 60 నుండి 70 శాతం నీరే ఉంటుంది. కోడిపిల్లలో ఈ శాతం ఇంకా ఎక్కువ. 55 గ్రాముల గుడ్డులో దాదాపు 35 నుండి 40 మి.లీ. నీరు ఉంటుంది. అంటే గుడ్డు పెట్టిన ప్రతిసారీ కోడి రెండు పెద్ద చెంచాలకు పైగా నీటిని బయటకు పంపుతున్నదన్నమాట. ఏటా 60 నుండి 80 గుడ్లు పెట్టే నాటుకోడికి సరిపోయిన ఏర్పాటు, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం రూపొందించిన గ్రామప్రియ వంటి అధికోత్పత్తి రకానికి చాలదు. కొత్త రకం పిల్లలను తెచ్చుకున్న ఇంట్లో మేత మార్చటం గురించి ఆలోచిస్తారు కానీ నీటి పాత్ర మార్చటం గురించి ఆలోచించరు.

వాతావరణం అనుకూలంగా, అంటే 20 డిగ్రీల సెంటీగ్రేడు చుట్టుపక్కల ఉన్నప్పుడు కోడి తాను తిన్న మేత బరువుకు సుమారు రెండింతల నీరు తాగుతుంది. ఎండ 35 డిగ్రీలు దాటినప్పుడు ఇది నాలుగైదు రెట్లకు చేరుతుంది. ఎదిగిన కోడికి మామూలు రోజులలో 200 నుండి 250 మి.లీ., వేసవిలో అర లీటరు వరకు అవసరమవుతుందని లెక్క వేసుకోవచ్చు. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని శరీర ఉష్ణోగ్రత 41 నుండి 42 డిగ్రీలు. బయటి వేడి పెరిగినప్పుడు నోరు తెరిచి రొప్పుతూ శ్వాసమార్గంలోని తేమను ఆవిరి చేయటం ద్వారానే అది చల్లబడగలదు. ఆ తేమ తాగిన నీటి నుండే రావాలి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే రోజులలో మధ్యాహ్నం రెండు మూడు గంటలపాటు నీటి పాత్ర ఖాళీగా ఉంటే కోడికి ప్రాణాపాయమే.

నీరు తగ్గితే ముందుగా మేత తినటం తగ్గుతుంది. తరువాత గుడ్లు తగ్గుతాయి. ఒక పూర్తి రోజు నీరు అందని గుడ్ల కోడి తిరిగి మునుపటి స్థాయికి రావటానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అంతకన్నా ఎక్కువ కాలం దప్పికతో ఉన్న కోడి ఈకలు రాల్చి గుడ్లు పూర్తిగా మానేస్తుంది. ఒక్కరోజు ఊరికి వెళ్ళి వచ్చిన కుటుంబం పది రోజుల తరువాత గుడ్లు ఎందుకు లేవని ఆశ్చర్యపడటంలో వింత లేదు. ఈ రెండు సంఘటనలకు సంబంధం ఉన్నట్లు వారికి తోచదు.

మరొక విషయం గమనించదగినది. కోళ్ళు రోజంతా ఒకే తీరున నీరు తాగవు. గూటి నుండి బయటకు వచ్చిన వెంటనే, మళ్ళీ సాయంత్రం గూటికి చేరే ముందు ఎక్కువగా తాగుతాయి. వ్యవసాయ కూలికి వెళ్ళే కుటుంబాలలో ఇంటివారు ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి సాయంత్రం ఐదింటికి తిరిగి వస్తారు. ఈ మధ్యకాలంలో పాత్ర నింపేవారు ఉండరు. కాబట్టి పాత్ర ఎంపికలో మొదటి ప్రశ్న ఈ తొమ్మిది గంటల గురించే ఉండాలి.

ఏ పాత్ర మంచిది?

బజారులో ఎన్నో రకాల పాత్రలు దొరుకుతున్నాయి. పది, పదిహేను లీటర్లు పట్టే డ్రింకరు కొని నాలుగు రోజులకు ఒకసారి నింపితే శ్రమ తగ్గుతుందని పెంపకందారులు భావిస్తారు. పెరటి పెంపకంలో ఇది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఎనిమిది పది కోళ్ళు తాగే పాత్రలోకి రెట్ట, మట్టి, మేత తునకలు, ముక్కు స్రావాలు కొన్ని గంటలలోనే చేరతాయి. ఎండకు గోరువెచ్చబడిన ఆ నీటిలో సూక్ష్మజీవులు త్వరగా వృద్ధి చెందుతాయి. రెండవ రోజుకు పాత్ర లోపలి గోడ వేలికి జారుడుగా తగులుతుంది. ఆ జిగురు పొర ఏర్పడిన తరువాత పైనుండి ఎంత మంచినీరు పోసినా అది చెడిపోతూనే ఉంటుంది. అందువలన పాత్ర ఎంత నీరు పడుతుందన్న దానికన్నా, ఇంట్లో పనిచేసే మనిషి దానిని ప్రతిరోజూ ఖాళీ చేసి, లోపల చెయ్యి పెట్టి తోమగలదా అన్నదే ఎంపికకు ప్రమాణంగా ఉండాలి. మూతి ఇరుకుగా ఉండి చెయ్యి పట్టని పాత్ర ఎంత ఖరీదైనదైనా పెరటికి పనికిరాదు.

మట్టి పాత్రలు ఈ ప్రమాణానికి చక్కగా సరిపోతాయి. వెడల్పాటి మూకుడు, చట్టి, పగిలిన కుండ అడుగు భాగం తరతరాలుగా పెరళ్ళలో వాడుకలో ఉన్నాయి. మట్టి గోడ రంధ్రాల గుండా నీరు ఊరి పైభాగంలో ఆవిరవుతుంది. ఆవిరి కావటానికి కావలసిన వేడి లోపలి నీటి నుండే పోతుంది కనుక నీరు చల్లబడుతుంది. కోడికి రుచి కన్నా నీటి చల్లదనం బాగా తెలుస్తుంది. నీరు వేడెక్కిన కొద్దీ అది తాగటం తగ్గిస్తుంది. కనుక వేసవిలో మట్టి పాత్ర విలువ ఎక్కువ. అయితే ఈ చల్లదనం గాలిలోని తేమను బట్టి ఉంటుంది. ఏప్రిల్‌లో పొడి గాలి వీచే అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో కుండ నీరు బయటి గాలికన్నా చాలా చల్లగా ఉంటుంది. సముద్రపు గాలి తేమను మోసుకువచ్చే కాకినాడ, మచిలీపట్నం ప్రాంతాలలో ఆ తేడా తక్కువ. అక్కడి పెంపకందారులు పాత్ర మట్టిదా ప్లాస్టిక్‌దా అన్నదానికన్నా నీడ మీద, నీరు మార్చటం మీద ఎక్కువ ఆధారపడాలి. ఉప్పునీరు పోసిన కుండ రంధ్రాలు కొంతకాలానికి లవణాలతో పూడిపోయి చల్లబరిచే గుణం తగ్గుతుంది. కుండ వెలుపల తెల్లటి పొర కనిపిస్తే దానిని గుర్తుగా తీసుకోవాలి. రంగు, వార్నిష్ పూసిన అలంకరణ కుండలు ఈ పనికి తగవు.

మట్టి పాత్రకు రెండు లోపాలున్నాయి. తెరచి ఉన్న పాత్రలోకి కోళ్ళు దిగి కాళ్ళతో మట్టి, రెట్ట చేరుస్తాయి. ఇందుకు పల్లెలలో ఒక ఉపాయం ఉంది. చట్టి మధ్యలో ఒక పెద్ద గుండ్రాయిని పెడితే అంచు వెంట ముక్కు పెట్టటానికి మాత్రమే చోటు మిగులుతుంది. రాయి బరువు వలన చట్టి తిరగబడదు. రెండవ లోపం రంధ్రాలలో సూక్ష్మజీవులు నిలిచి ఉండటం. దీనికి తోమటం, ఎండబెట్టటం చాలావరకు విరుగుడు. మందలో జబ్బు వచ్చి తగ్గిన తరువాత మాత్రం ఆ మట్టి పాత్రను పారవేసి కొత్తది తెచ్చుకోవటమే మంచిది.

బోర్లించే ప్లాస్టిక్ డ్రింకరు నేడు బాగా వ్యాపించింది. పైన నీటి డబ్బా, కింద పళ్ళెం, డబ్బా అంచు దగ్గర చిన్న రంధ్రం ఇందులోని భాగాలు. పళ్ళెంలోని నీరు రంధ్రాన్ని కప్పగానే డబ్బాలోకి గాలి పోవటం ఆగి నీరు దిగటం కూడా ఆగుతుంది. కోళ్ళు తాగి మట్టం తగ్గగానే ఒక బుడగ లోపలికి పోయి అంత నీరు కిందికి వస్తుంది. దీనిని బట్టి రంధ్రం తప్పనిసరిగా పళ్ళెం అంచుకన్నా కింద ఉండాలి. ఇంట్లో వాడిన నూనె డబ్బాతో, ఒక పళ్ళెంతో దీనిని సొంతంగా తయారుచేసుకునేవారు తరచు ఇక్కడే పొరబడతారు. రంధ్రం పళ్ళెం అంచుకన్నా పైన పడితే నీరంతా పొర్లిపోతుంది. రంధ్రాన్ని అంచుకు ఒక సెంటీమీటరు కిందికి ఉంచితే సరిపోతుంది. డబ్బాకు వేరేచోట సన్నని పగులు ఉన్నా గాలి చొరబడి ఇదే జరుగుతుంది. డ్రింకరును వాలుగా ఉన్న నేలపై పెట్టినా ఒకవైపు నుండి నీరు కారుతుంది.

పొద్దున నింపిన డ్రింకరు మధ్యాహ్నానికి ఖాళీ అయి చుట్టూ బురదగా కనిపించటం వేసవిలో సాధారణ ఫిర్యాదు. కోళ్ళే తన్నేశాయని అనుకోవటం కద్దు. అసలు కారణం ఎండ. సగం ఖాళీ అయిన పది లీటర్ల డబ్బాలో ఐదు లీటర్ల గాలి ఉంటుంది. ఆ గాలి 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు వేడెక్కితే దాని పరిమాణం సుమారు 7 శాతం, అంటే మూడవ వంతు లీటరు పెరుగుతుంది. లోపల చేరే నీటి ఆవిరి దీనికి అదనం. పెరిగిన గాలి అంత నీటినీ పళ్ళెంలోకి నెడుతుంది. పళ్ళెం పట్టలేక నీరు నేలపాలవుతుంది. మేఘం కమ్మి చల్లబడి, మళ్ళీ ఎండ కాసిన ప్రతిసారీ ఇది కొంతమేర పునరావృతమవుతుంది. నీడలో ఉంచటం, పెద్ద డబ్బాకు బదులు చిన్నవి వాడటం, తెల్లని తడి గోనెపట్టా కప్పటం దీనికి పరిష్కారాలు. లోపలికి వెలుతురు పడే పారదర్శకపు డబ్బాలో పాచి త్వరగా పెరుగుతుంది. వెలుతురు చొరని రంగు డబ్బాలో నీటి మట్టం కనిపించదు. పొద్దున, సాయంత్రం తప్పక ఎత్తి చూసే అలవాటు ఉన్న ఇంటికి రెండవదే మేలు.

నిప్పుల్ డ్రింకర్లలో నీరు బయట నిలవదు కనుక మాలిన్యం చేరటానికి అవకాశం అతి తక్కువ. గదిలో ఉంచి పెంచే కోళ్ళకు, రాత్రి గూటిలో ఉండే కోళ్ళకు ఇవి అనుకూలం. మూత ఉన్న బకెట్టు అడుగున మూడు నాలుగు నిప్పుళ్ళు బిగించి వేలాడదీస్తే పాతిక, ముప్పై కోళ్ళకు సరిపోతుంది. ఒక నిప్పుల్‌కు ఎనిమిది నుండి పది కోళ్ళు పరిమితి. అయితే ఇసుక, ఇనుము ఉన్న బోరు నీటితో నిప్పుళ్ళు మూసుకుపోతాయి. బకెట్టు నిండుగా ఉన్నా కోడికి చుక్క నీరు అందని పరిస్థితి ఏర్పడుతుంది. చూసేవారికి అది కనిపించదు. ప్రతి ఉదయం ప్రతి నిప్పుల్‌ను వేలితో నొక్కి చూడటం తప్పనిసరి. తెరచిన నీటికి అలవాటు పడిన పెద్ద కోళ్ళు వీటిని నేర్చుకోవటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులలో పాత పాత్రను తీసివేయరాదు.

సిమెంటు తొట్లు పెద్ద మందలకే కానీ పెరటికి అంతగా పనికిరావు. ఎత్తి బోర్లించటానికి వీలుకాని పాత్ర ఎప్పటికీ పూర్తిగా శుభ్రం కాదు. తప్పనిసరై వాడితే కొత్త తొట్టిని కొన్ని రోజులు నీటితో నింపి పారబోసి సున్నపు గాఢత పోయిన తరువాతనే వాడాలి. జింకు పూత రేకు పాత్రలు గట్టివే. కానీ వేసవిలో కోళ్ళకు పలుచని మజ్జిగ పోసే ఇళ్ళలో వీటిని వాడరాదు. పులుపు తగిలితే పూతలోని జింకు కరిగి మజ్జిగలో కలుస్తుంది. మజ్జిగకు మట్టి మూకుడే సరైనది. అది కూడా రెండు గంటలలో తీసి కడగాలి.

పురుగుమందు డబ్బాల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గట్టి ప్లాస్టిక్, బిగువైన మూత, ఉచితంగా దొరకటం వలన ఖాళీ మందు డబ్బాలను కోసి నీటి పాత్రలుగా మార్చటం పత్తి ప్రాంతాలలో నేటికీ కనిపిస్తుంది. ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుంది. మూడుసార్లు కడిగినా, బూడిదతో తోమినా అది పూర్తిగా పోదు. తరువాత పోసిన నీటిలోకి కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. కోడి అప్పటికప్పుడు చనిపోకపోయినా అవశేషాలు గుడ్డులోకి, మాంసంలోకి చేరవచ్చు. ఆ గుడ్డు ఇంటి పిల్లలకే పెడతారు. కలుపుమందు డబ్బాలైనా, పాత ఎరువుల సంచి కత్తిరించి గుంటలో పరిచి నీరు నింపినా ఇదే ప్రమాదం వర్తిస్తుంది.

ఎన్ని, ఎక్కడ, ఎంత ఎత్తులో

పది కోళ్ళున్న ఇంట్లో వేసవి రోజుకు ఐదు లీటర్ల నీరు కావాలి. దీనికి ఐదు లీటర్ల పాత్ర ఒకటి కన్నా మూడు లీటర్ల పాత్రలు రెండు మేలు. మందలో బలమైన కోడి నీటి దగ్గర కాపలా కాసి బలహీనమైన వాటిని తరుముతుంది. రెండు పాత్రలు ఒకదానికొకటి కనిపించనంత దూరంలో ఉంటే దాని పెత్తనం సాగదు. ఒకటి తిరగబడినా మరొకటి సాయంత్రం వరకు ఆదుకుంటుంది. పొడవాటి తొట్టి వాడేవారు పెద్ద కోడి ఒక్కింటికి కనీసం 2.5 సెం.మీ. అంచు ఉండేలా చూడాలి.

చెట్టు నీడ పొద్దుతో పాటు జరుగుతుంది. పొద్దున నీడలో పెట్టిన పాత్ర మధ్యాహ్నానికి ఎండలో ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు గంటల వరకు ఎక్కడ నీడ ఉంటుందో చూసి ఆ చోటు నిర్ణయించాలి. కోళ్ళు వాలే కొమ్మ కింద, గూటి చూరు కింద, పెంటకుప్ప దగ్గర పెట్టరాదు. మేత చల్లే చోటుకు మరీ ఆనుకొని ఉంటే మేత తునకలు నీటిలో పడి పులుస్తాయి.

పాత్ర అంచు కోడి వీపుతో సమానమైన ఎత్తులో ఉండాలి. ఇంతకన్నా తక్కువగా ఉంటే కాళ్ళతో గీకిన చెత్త అందులో పడుతుంది. ఎక్కువగా ఉంటే చిన్నవాటికి అందదు. కోడి నీటిని ముక్కుతో తీసుకొని తల పైకెత్తి గొంతులోకి జార్చుకుంటుంది. వీపు ఎత్తులో అంచు ఉన్నప్పుడు ఈ పనిలో నీరు తక్కువగా ఒలుకుతుంది. పిల్లలు ఎదిగే కొద్దీ ఒక్కొక్క ఇటుక చేరుస్తూ పోతే చాలు. గూటి లోపల పెట్టే పాత్ర కింద ఇనుప జల్లెడ వేసిన చట్రమో, కంకర పరచిన చిన్న దిమ్మో ఉంటే ఒలికిన నీరు ఊకకు అంటదు. ఇది చిన్న విషయంగా కనిపించినా రక్త పారుడు నివారణలో దీని పాత్ర పెద్దది. ఈ వ్యాధిని కలిగించే కాక్సిడియా గుడ్లు రెట్టతో బయటకు వచ్చినప్పుడు వెంటనే సోకవు. తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజులలో సోకే దశకు చేరతాయి. పాత్ర చుట్టూ తడిసి ముద్దైన ఊక వాటికి సరిగ్గా ఆ రెండింటినీ సమకూరుస్తుంది. తడిసిన ఊకను ఎప్పటికప్పుడు తీసి పొడి ఊక వేయాలి.

పెరట్లో పాత్రను అరటి పిలక, కరివేపాకు చెట్టు, కాకర పాదు పక్కన పెట్టుకుంటే రోజూ పారబోసే నీరు, అందులోని రెట్ట మొక్కకు అందుతాయి. పారబోయటం దండుగ పనిగా తోచదు కనుక రోజూ మార్చే అలవాటు కూడా నిలుస్తుంది.

పిల్లలకు, పొదిగే కోడికి

పొదిగిన పిల్ల పొట్టలో మిగిలిన పచ్చసొనతో రెండు మూడు రోజులు బతకగలదు. దీనిని నమ్ముకొని నీరు ఆలస్యం చేయరాదు. దూరం నుండి తెచ్చిన పిల్లలకు మేతకన్నా ముందు నీరు చూపాలి. రెండు మూడింటి ముక్కులను నీటిలో తాకిస్తే మిగిలినవి వాటిని చూసి నేర్చుకుంటాయి. 50 పిల్లలకు రెండు లీటర్ల చిన్న డ్రింకరు ఒకటి చాలినా రెండు పెట్టటం క్షేమం. పళ్ళెంలో నీటి లోతు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరుకు మించకూడదు. తల్లికోడితో తిరిగే పిల్లలకు మూకుడు వాడితే అందులో గులకరాళ్ళు నింపి రాళ్ళ సందులలో మాత్రమే నీరు కనిపించేలా చూడాలి. తడిసిన పిల్ల మునగకపోయినా చలికి ముడుచుకొని చనిపోతుంది. కుడితి తొట్లు, నేలమట్టపు నీటి కుండీల మీద మూత ఉండాలి. మొదటి రోజు బెల్లం నీరు ఇవ్వటం వాడుకలో ఉంది. అది కొన్ని గంటలలోనే పులిసిపోతుంది కనుక కొద్దిగా కలిపి, మిగిలినది పారబోసి, వెంటనే పాత్ర కడగాలి.

పొదిగే కోడి రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే గుడ్ల మీద నుండి లేస్తుంది. ఆ కొద్దిసేపటిలో నీరు దొరకకపోతే వెదుకుతూ దూరం పోతుంది. గుడ్లు చల్లారిపోతాయి. గంపకు రెండు మూడు అడుగుల దూరంలో చిన్న మూకుడు ఉంచాలి. గంపలోనే పెడితే ఒలికి గుడ్లు తడుస్తాయి.

శుభ్రపరచటం

ప్రతిరోజూ పాత నీటిని పూర్తిగా పారబోసి కొబ్బరి పీచు, బూడిదతో లోపలి భాగం తోమి కడిగి కొత్త నీరు పోయాలి. మిగిలిన నీటి పైన కొత్త నీరు కలపటం పనికిరాదు. వారానికి ఒకసారి బ్లీచింగ్ పౌడరు ద్రావణం వాడాలి. 10 లీటర్ల నీటికి 6 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపితే లీటరుకు సుమారు 200 మి.గ్రా. క్లోరిన్ ఉంటుంది. తోమిన పాత్రను అందులో పావుగంట ముంచి, మంచినీటితో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. తోమకుండా ముంచటం వృథా. జిగురు, రెట్ట క్లోరిన్‌ను ముందుగా ఖర్చు చేసివేస్తాయి. రెండు జతల పాత్రలుంటే ఒక జత ఎండుతుండగా మరొకటి వాడుకోవచ్చు. బోరు నీటి సున్నపు పొర పట్టిన డ్రింకరుకు, నిప్పుళ్ళకు చింతపండు పులుసు గాని, నిమ్మరసం గాని పట్టించి నానబెడితే పొర వదులుతుంది. పులుపును, బ్లీచింగ్ పౌడరును ఒకే రోజున ఒకే పాత్రలో ఎన్నడూ కలపరాదు. వెలువడే క్లోరిన్ వాయువు మనుషులకే ప్రమాదకరం.

తాగే నీటిని శుద్ధి చేయటానికి బ్లీచింగ్ పౌడరును నేరుగా పాత్రలో వేయటం సరికాదు. చిన్న పరిమాణాలకు తూకం కుదరదు. ఒక లీటరు నీటిలో 10 గ్రాముల పౌడరు కలిపి అరగంట తేరనిచ్చి, పైనున్న తేట నీటిని వేరే సీసాలో పట్టుకోవాలి. ఈ తేట లీటరు తాగునీటికి ఒక మి.లీ. చొప్పున కలిపితే లీటరుకు సుమారు 3 మి.గ్రా. క్లోరిన్ అందుతుంది. అరగంట ఆగి కోళ్ళకు పెట్టాలి. ఈ లెక్క 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడరుకు వర్తిస్తుంది. సంచి తెరిచి నెలల తరబడి చెమ్మలో ఉంచిన పౌడరుకు ఆ బలం ఉండదు. తేటను చీకటిలో ఉంచి ఒకటి రెండు రోజులలో వాడేయాలి.

డెల్టా చివరి భూములలో, సముద్ర తీరాన బోరు నీటిలో లవణాలు ఎక్కువ. లీటరుకు 1000 మి.గ్రా. లోపు మొత్తం లవణాలున్న నీరు కోళ్ళకు నిరభ్యంతరం. 3000 వరకు బతకగలవు గానీ రెట్ట పలుచబడి గూడు తడిగా మారుతుంది. అది దాటితే ఎదుగుదల కుంటుపడుతుంది, మరణాలు పెరుగుతాయి. పొలం నీటిని పరీక్షకు పంపే రైతు ఆ ఫలితాన్నే కోళ్ళకు కూడా చూసుకోవచ్చు. ఉప్పునీరు తప్ప మరొకటి లేని చోట తాము తాగటానికి తెచ్చుకునే నీటిలో ఒక బిందెను పిల్లలకు, గుడ్ల కోళ్ళకు కేటాయించటం తగిన పని.

టీకా, మందు ఇచ్చే రోజు

కొక్కెర తెగులుకు లసోటా టీకాను నీటిలో ఇచ్చేటప్పుడు శుభ్రత పేరుతో చేసే పనే నష్టం చేస్తుంది. అందులో ఉండేది బతికి ఉన్న వైరస్. క్లోరిన్ దానిని చంపివేస్తుంది. టీకాకు కనీసం ఒక రోజు ముందు, ఒక రోజు తరువాత నీటిలో బ్లీచింగ్ తేట కలపరాదు. ముందురోజు పాత్రలను కూడా మంచినీటితోనే కడగాలి. లోహపు పాత్రలు వాడరాదు. లీటరు నీటికి 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, ఆ తరువాత టీకా కలపాలి. కోళ్ళను తెల్లవారుజామున గూటిలోనే ఉంచి గంట రెండు గంటలు దప్పికగొననిచ్చి టీకా నీరు పెడితే అన్నీ ఒకేసారి తాగుతాయి. బయటకు వదిలిన కోడి మురుగు గుంటలో దాహం తీర్చుకొని టీకా నీటిని ముట్టదు. గ్రామాలలో నీటి ద్వారా ఇచ్చిన టీకా విఫలం కావటానికి ఇది ముఖ్య కారణం. మందులకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. మే నెలలో కోడి రెట్టింపు నీరు తాగుతుంది కనుక లీటరు లెక్కన కలిపిన మందు కూడా రెట్టింపు పడుతుంది. వేసవిలో మోతాదును పశువైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

వానాకాలంలో

వానాకాలంలో నీటి కొరత ఉండదు. నీరు ఎక్కువై చిక్కు వస్తుంది. పెరట్లో పడి ఉన్న కొబ్బరి చిప్పలు, టైర్లు, విరిగిన కుండలు అన్నీ కోళ్ళకు నీటి పాత్రలే అవుతాయి, దోమలకు పుట్టిళ్ళూ అవుతాయి. కోళ్ళకు వచ్చే మశూచిని దోమలు ఒక కోడి నుండి మరొక కోడికి మోసుకుపోతాయి. దోమ గుడ్డు నుండి ఎగిరే దశకు రావటానికి ఈ కాలంలో వారం, పది రోజులు పడుతుంది. నీటి పాత్రను రోజూ బోర్లించే ఇంట్లో అది అక్కడ పెరగదు. మిగిలిన చిప్పలను ఏరివేయాలి, గుంటలను మట్టితో పూడ్చాలి.

చెరువులు, చేపల గుంటల దగ్గరి గ్రామాలలో అడవి బాతులు, కొంగలు దిగే నీటిని కోళ్ళకు తెచ్చి పోయరాదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఈ వైరస్ నీటిపక్షుల రెట్ట ద్వారా నీటిలో చేరి, చలికాలపు చల్లని నీటిలో రోజుల తరబడి నిలిచి ఉంటుంది. శీతాకాలం పొడవునా కోళ్ళకు బోరు నీరో, కుళాయి నీరో పోయాలి. పాత్రను పైకప్పు కింద, కాకులు వాలని చోట ఉంచాలి.

పాత్రలో పోసిన నీటిని పొద్దున చెంబుతో కొలిచి, మిగిలినదానిని సాయంత్రం కొలవటం ఒక నిమిషం పని. జబ్బు పడబోయే మంద మేత మానకముందే నీరు తగ్గిస్తుంది. కొన్ని జబ్బులలో ఒక్కసారిగా ఎక్కువ తాగుతుంది. వాతావరణం మారకుండా రెండు రోజులు వరుసగా లెక్క తప్పితే గూటిలో రెట్ట రంగు, ముక్కు, తురాయి పరిశీలించి, తేడా కనిపించిన కోడిని వేరే గంప కింద వేరే పాత్రతో ఉంచాలి. ఆ పాత్రను చివరగా కడగాలి, అదే పీచుతో మిగిలినవాటిని తోమరాదు.